నాన్నకు గతం, అమ్మకు జోకు: ‘బెండ్ ఇట్ లైక్ బెక్‌హామ్’ బలాలు, లోపాలు

ఆటల సినిమాలకు ఒక లెక్క ఉంటుంది. ఎవరూ ఖాతరు చేయని జట్టు, లేదా ఎవరూ నమ్మని మనిషి. మొదట ఓటమి, మధ్యలో గొడవ, చివరి నిమిషంలో గోలు. చివరికి ఏమవుతుందో ముందే తెలిసినా మనం కదలకుండా కూర్చుని చూస్తాం. ఆ కథ పరాయి దేశానికి వలస వెళ్లిన కుటుంబంలో జరిగితే ఇంకో చిక్కు వచ్చి చేరుతుంది. ఆ పిల్ల మైదానంలో ఎదుటి జట్టుతోనూ ఆడాలి, ఇంట్లో సొంతవాళ్లతోనూ ఆడాలి. ఇంటి ఆటలో రిఫరీ ఉండడు.

అలాంటి సినిమాల్లో బాగా పేరు తెచ్చుకున్నది ‘బెండ్ ఇట్ లైక్ బెక్‌హామ్’. 2002లో ఇంగ్లండ్‌లో విడుదలైంది. దర్శకురాలు గురిందర్ చద్దా. తక్కువ ఖర్చుతో తీసిన ఈ చిన్న సినిమా ప్రపంచమంతా తిరిగింది. 2010లో ఉత్తర కొరియా టీవీలో కూడా వేశారు. 2015లో లండన్‌లో సంగీత నాటకంగానూ వచ్చింది. ఇరవై ఏళ్లు దాటినా ఆడపిల్లలు, ఆటలు అనే మాట వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు దీని పేరు ఎత్తుతూనే ఉంటారు. అంత పేరున్న సినిమా కాబట్టే మెచ్చుకోవాల్సింది మెచ్చుకుని, అడగాల్సింది కూడా అడగాలి.

కథ

లండన్‌కు పశ్చిమాన, హీత్రో విమానాశ్రయం పక్కన, హౌన్‌స్లో అనే ప్రాంతం ఉంది. అక్కడ ఒక సిక్కు కుటుంబం. రెండో అమ్మాయి జెస్మిందర్ భమ్రాను అందరూ జెస్ అంటారు (పర్మిందర్ నాగ్రా). పార్కులో మగపిల్లలతో ఫుట్‌బాల్ ఆడుతూ ఉంటుంది. హాల్లో గురునానక్ పటం ఉంటే, ఈమె గదిలో డేవిడ్ బెక్‌హామ్ పటం ఉంటుంది. అమ్మ తన కష్టసుఖాలు ఆ పటానికి చెప్పుకుంటే, కూతురు ఈ పటానికి చెప్పుకుంటుంది.

పార్కులో ఆమె ఆట చూసిన జూల్స్ (కీరా నైట్లీ) తమ ఆడపిల్లల జట్టుకు తీసుకెళ్తుంది. కోచ్ జో ఐర్లాండ్ వాడు. ఇంట్లో తెలిసిపోతుంది, వద్దంటారు. జెస్ సెలవుల్లో ఉద్యోగం దొరికిందని అబద్ధం చెప్పి ఆడుతుంది. జర్మనీలో మ్యాచ్‌కు కూడా చెప్పకుండానే వెళ్తుంది. చివరికి ఫైనల్ మ్యాచ్, అక్క పింకీ పెళ్లి ఒకే రోజున పడతాయి. ఆ మ్యాచ్ చూసి ఆటగాళ్లను ఎంపిక చేయడానికి అమెరికా నుంచి ఒకరు వస్తున్నారు.

పేరు సంగతి కూడా చెప్పుకోవాలి. ఫ్రీ కిక్ ఇచ్చినప్పుడు ఎదుటి జట్టువాళ్లు బంతికి 9.15 మీటర్ల దూరంలో గోడలా నిలబడతారు. నేరుగా కొడితే బంతి వాళ్లకు తగులుతుంది. అందుకని బంతిని నడిమధ్యన కాకుండా కాస్త పక్కన తన్నుతారు. అది గిర్రున తిరుగుతూ గాలిలో వంపు తీసుకుని, గోడను చుట్టి గోల్‌లోకి వెళ్తుంది. బెక్‌హామ్ అందులో దిట్ట. గోడను బద్దలు కొట్టకుండా చుట్టి వెళ్లడం అన్నదే సినిమా మొత్తానికీ పోలిక. ఫైనల్లో జెస్ ఫ్రీ కిక్ కొట్టబోతూ ఉంటే, ఎదురుగా ఉన్న గోడ ఆమె కళ్లకు పెళ్లికి ముస్తాబైన అమ్మ, అక్క, పిన్నమ్మలు, అత్తమ్మలుగా కనిపిస్తుంది. చూసినవాళ్లు మరచిపోలేని చోటు అది.

బలాలు

మొదటి బలం, ఇందులో ఒకడే విలన్ లేకపోవడం. ఇలాంటి కథల్లో మామూలుగా తెల్లవాళ్లంతా చెడ్డవాళ్లు, మనవాళ్లంతా పాపం. ఇక్కడ అలా లేదు. ఒక మ్యాచ్‌లో ఎదుటి అమ్మాయి జెస్‌ను జాతిపేరుతో తిడుతుంది. జెస్ ఆమెను తోసేస్తుంది, రిఫరీ రెడ్ కార్డు చూపిస్తాడు. తిట్టు ఎవరికీ వినపడలేదు, తోసింది మాత్రం అందరికీ కనపడింది. కోచ్ కూడా జెస్‌నే కోప్పడతాడు. ఆ బాధ నీకేం తెలుసని ఆమె అడిగితే, నేను ఐరిష్‌వాణ్ణి, నాకు తెలియకపోవడమేంటి అంటాడు. ఇంగ్లండ్‌లో పరాయివాళ్లు ఒక్క రంగువాళ్లే కాదని ఆ రెండు మాటల్లో తెలిసిపోతుంది.

రెండో బలం, జెస్ కాలి మీద మచ్చ. నిక్కరు వేసుకోవాలంటే ఆమెకు బెరుకు. చిన్నప్పుడు ఒంటికి నిప్పంటుకుని కాలిన మచ్చ అది. నటి పర్మిందర్ నాగ్రాకు నిజంగానే కాలి మీద అలాంటి మచ్చ ఉంటే, దాన్ని దాచకుండా కథలో కలిపేశారు. ఒంట్లో ఏదో ఒకటి దాచుకోవాలని నేర్చుకున్న ఆడపిల్లలకు ఈ చిన్న సంగతి పెద్ద ఊరట.

మూడోది, అన్నిటికన్నా గట్టి బలం, నాన్న పాత్ర. అనుపమ్ ఖేర్ వేశాడు. జెస్‌ను ఆడనివ్వమని కోచ్ ఇంటికొచ్చి అడిగితే, ఆయన తన కథ చెప్తాడు. కుర్రవాడిగా నైరోబీలో మంచి ఫాస్ట్ బౌలర్. ఇంగ్లండ్ వచ్చాక క్రికెట్ క్లబ్బులకు వెళ్తే, ఆయన తలపాగాను ఎగతాళి చేసి పంపించేశారు. ఇక ఆ ఆట జోలికే పోలేదు. తనకు తగిలిన దెబ్బ కూతురికి తగలకూడదని ఆయన భయం. అంతవరకు మొండితనంలా కనిపించిన ‘వద్దు’ వెనక ఒక గాయం ఉందని అప్పుడు తెలుస్తుంది.

నైరోబీ పేరు ఊరికే రాలేదు. 1896 నుంచి కెన్యాలో బ్రిటిష్‌వాళ్లు రైలు మార్గం వేయడానికి మన దేశం నుంచి, ఎక్కువగా పంజాబ్ నుంచి, దాదాపు 32,000 మంది కూలీలను తీసుకెళ్లారు. వాళ్లలో కొందరు అక్కడే ఉండిపోయారు. తర్వాత వ్యాపారులు, గుమాస్తాలు వెళ్లారు. స్వతంత్రం వచ్చాక కెన్యాలో ఆసియావాళ్లకు రోజులు కష్టమై, 1960ల చివర్లో చాలామంది బ్రిటన్ దారి పట్టారు. వాళ్లను ఆపడానికే 1968లో బ్రిటన్ ఒక చట్టం చేసింది. అంటే భమ్రాలాంటివాళ్లు రెండుసార్లు ఇల్లు మారినవాళ్లు, రెండో ఇంటి గుమ్మంలో కూడా ఆగమని అనిపించుకున్నవాళ్లు. గురిందర్ చద్దా కూడా నైరోబీలోనే పుట్టి, లండన్‌లోని సౌతాల్‌లో పెరిగింది. ఆమె ఈ నాన్నను బయటినుంచి చూసి రాయలేదని ఇట్టే తెలిసిపోతుంది.

చివర్లో ఆ నాన్నే మాట మారుస్తాడు. ఆట మానేసి తాను ఎవరినో శిక్షించాననుకున్నాడు, కానీ బాధపడింది తానొక్కడే. కూతురు తనలా తలవంచుకోకూడదు, పోరాడి గెలవాలి అంటాడు. ఇంత అర్థం ఉన్న తండ్రి పాత్రలు ఆటల సినిమాల్లో తక్కువే.

ముఖ్యమైన లోపం

మరి అమ్మ?

అమ్మ (షహీన్ ఖాన్) కూడా ‘వద్దు’ అనే అంటుంది. నాన్న కన్నా గట్టిగా, ఎక్కువసార్లు అంటుంది. కాళ్లు కనపడేలా పరిగెడతావా, వంట రాని పిల్లను ఎవరు చేసుకుంటారు, ఆలూగోభీ వండటం నేర్చుకో. హాలు మొత్తం నవ్వుతుంది. మనమూ నవ్వుతాం, ఎందుకంటే ఆ మాటలు మన ఇళ్లలోనూ విన్నవే. కూర పేరు మారుతుంది, అంతే. కానీ సినిమా అయిపోయేదాకా ఈ అమ్మ ఎందుకలా అంటోందో మనకు తెలియదు. నాన్న ‘వద్దు’కు ఒక గతం ఇచ్చిన సినిమా, అమ్మ ‘వద్దు’ను జోకుగానే వదిలేసింది. నాన్న మనసు విప్పి మాట్లాడే ఆ చివరి ఘట్టంలో కూడా ఆమె వాటాకు వచ్చింది నవ్వు తెప్పించే మాటే: కూతురికి భోజనం మొత్తం వండటం నేర్పేశాను, మిగతాది దేవుడే చూసుకోవాలి అని.

నిజానికి అమ్మ గతం సినిమాలోనే ఉంది, ఒక్క మాటలో. జెస్ తన మచ్చ గురించి కోచ్‌కు చెప్పేటప్పుడు అంటుంది: తనకప్పుడు ఎనిమిదేళ్లు, అమ్మ హీత్రోలో ఓవర్‌టైమ్ పనిలో ఉంది, తనే ఏదో వండుకోబోతే బట్టలకు నిప్పంటుకుంది. ఆ మాట దగ్గర ఆగి ఆలోచించండి. అమ్మ ఓవర్‌టైమ్ చేస్తోంది. చిన్నపిల్ల ఒంటరిగా స్టవ్ దగ్గరికెళ్లింది, కాలింది. ఆ తర్వాత ఆ అమ్మ ఎన్ని రాత్రులు నిద్రపోయి ఉంటుంది? కాళ్లు కనపడనీయకు అన్న మాటలో పరువు ఒక్కటే ఉందా, ఆ మచ్చ చూసినప్పుడల్లా తగిలే దెబ్బ కూడా ఉందా? వంట నేర్చుకో అని అంతలా వెంటపడటంలో పెళ్లి గోల ఒక్కటే ఉందా? సినిమా ఈ ప్రశ్నలు అడగలేదు. మచ్చను కూతురి కథగానే చూసింది. అది తల్లి కథ కూడా.

ఆ ‘ఓవర్‌టైమ్’ అనే మాట వెనక లండన్‌లో చాలామంది ఆడవాళ్ల చరిత్ర ఉంది. 1976లో వాయవ్య లండన్‌లోని గ్రన్విక్ అనే ఫొటో ఫ్యాక్టరీలో, తూర్పు ఆఫ్రికా మీదుగా వచ్చిన గుజరాతీ ఆడవాళ్లు సమ్మె చేశారు. ముందు నిలబడింది జయాబెన్ దేశాయ్, చీర కట్టుకున్న చిన్న మనిషి. సమ్మె రెండేళ్లు నడిచింది. వాళ్లు గెలవలేదు, కానీ ఆసియా ఆడవాళ్లు నోరెత్తరు అనే మాట అక్కడితో చెల్లకుండా పోయింది. 2005లో హీత్రో పక్కనే, విమానాలకు భోజనాలు తయారుచేసే గేట్ గోర్మే కంపెనీ 600 మందికి పైగా పనివాళ్లను తీసేసింది. వాళ్లలో చాలామంది సౌతాల్, హౌన్‌స్లో చుట్టుపక్కల పంజాబీ ఆడవాళ్లే. ఇంట్లో కూతుళ్లకు వంట నేర్పి, డ్యూటీలో వేలమందికి భోజనాలు సర్దినవాళ్లు. మిసెస్ భమ్రా వీళ్ల వీధి మనిషే. సినిమాలో ఆమెకు పెళ్లి సరుకులు, పటం, వంటగది తప్ప ఇంకేమీ మిగల్లేదు.

ఇదే లోపం రెండో అమ్మ దగ్గరా ఉంది. జూల్స్ తల్లి పౌలా (జూలియెట్ స్టీవెన్‌సన్) తెల్లావిడ. కూతురు ఫుట్‌బాల్ ఆడితే మగరాయుడైపోతుందని, ఏ అబ్బాయీ చూడడని ఆమె బెంగ. ఆమెనూ సినిమా నవ్వులకే వాడుకుంది. కానీ ఆ బెంగ ఎక్కడిది? 1920 డిసెంబరు 26న లివర్‌పూల్‌లోని గూడిసన్ పార్క్ మైదానంలో ఆడవాళ్ల ఫుట్‌బాల్ మ్యాచ్ చూడటానికి 53,000 మంది వచ్చారు. మరుసటి ఏడాది, 1921 డిసెంబరు 5న, ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం ఈ ఆట ఆడవాళ్లకు తగదని, తన క్లబ్బుల మైదానాల్లో వాళ్లను ఆడనివ్వకూడదని నిషేధించింది. ఆ నిషేధం దాదాపు యాభై ఏళ్లు ఉంది. పౌలా వయసు చూస్తే ఆమె చిన్నతనం ఆ నిషేధంలోనే గడిచి ఉండాలి. తనకు ఎవరూ చూపించని ఆటను ఆమె ఎలా నమ్ముతుంది? పౌలాకు సినిమా కొంచెం దారి ఇచ్చిన మాట నిజం. భోజనాల బల్ల మీద సీసాలు, డబ్బాలు పేర్చి భర్త ఆమెకు ఆఫ్‌సైడ్ అంటే ఏంటో నేర్పిస్తాడు. అక్కడ కూడా తెలిసినవాడు మగవాడు, తెలియనిది ఆడమనిషి.

లెక్క చూడండి. రెండు ఇళ్లు. రెండిళ్లలోనూ అర్థం చేసుకునేవాడు నాన్న, అడ్డుపడేది అమ్మ. మైదానంలో అవకాశం ఇచ్చేది మగ కోచ్. పెళ్లి మధ్యలో వెళ్లి ఆడు అని చెప్పేది నాన్న, కారులో తీసుకెళ్లేది స్నేహితుడు టోనీ. ఆడపిల్లల స్వేచ్ఛ గురించిన సినిమాలో అనుమతి సంతకాలన్నీ మగవాళ్లవే. ఫ్రీ కిక్‌కు అడ్డంగా నిలబడిన గోడ మాత్రం మొత్తం ఆడవాళ్లే.

మరికొన్ని లోపాలు

కోచ్‌తో ప్రేమ కథకు అక్కర్లేదు. జట్టులో ఎవరు ఉండాలో నిర్ణయించే మనిషికీ, ఆడే అమ్మాయికీ మధ్య ప్రేమ అంత తేలిక విషయం కాదు. సినిమా దాన్ని తేలిగ్గానే తీసుకుంది. పైగా అందమైన ఇద్దరు అమ్మాయిల స్నేహాన్ని ఒక అబ్బాయి కోసం తగవుగా మార్చేసింది.

జట్టులో మిగతా పిల్లలకు పేర్లున్నాయి, కథలు లేవు. ఫుట్‌బాల్ పదకొండు మంది ఆట అనే సంగతి చాలాసార్లు మరచిపోతాం. మ్యాచ్‌లు కూడా పాటల వెంట పరిగెత్తే చిన్న చిన్న షాట్లే. జెస్ ఎంత బాగా ఆడుతుందో మనం చూసి తెలుసుకోం, పక్కవాళ్లు చెప్తే నమ్ముతాం.

ముగింపు సంగతి. జెస్, జూల్స్ ఇద్దరూ స్కాలర్‌షిప్ మీద అమెరికా వెళ్తారు. అప్పట్లో ఆడవాళ్ల ఫుట్‌బాల్‌కు జీతాలిచ్చే లీగ్ అక్కడే ఉంది, సినిమా చెప్పింది నిజమే. అయితే 2001లో మొదలైన ఆ లీగ్ 2003లోనే మూతపడింది. అదెలా ఉన్నా నా ప్రశ్న వేరు. ఒక ఊళ్లో అమ్మాయికి ఆడే చోటు లేకపోతే, ఆమె విమానం ఎక్కేస్తే ఆ ఊరు మారినట్టా? 2022లో ఇంగ్లండ్ ఆడవాళ్ల జట్టు యూరప్ కప్పు గెలిచింది. వెంబ్లీ మైదానంలో ఆ ఫైనల్ చూసినవాళ్లు 87,192 మంది. ఆ జట్టులో దక్షిణాసియా మూలాలున్న అమ్మాయి ఒక్కరు కూడా లేరు. సినిమా వచ్చి అప్పటికి ఇరవై ఏళ్లు.

మిగతా సినిమాల పక్కన పెడితే

ఇన్ని లోపాలు చెప్పినా, పక్కన వేరే సినిమాలు పెట్టి చూస్తే దీని విలువ తెలుస్తుంది. 2007లో వచ్చిన హిందీ సినిమా ‘ధన్ ధనా ధన్ గోల్’ కూడా ఆ చుట్టుపక్కలదే. సౌతాల్‌లోని దక్షిణాసియావాళ్ల ఫుట్‌బాల్ క్లబ్బు కథ. జాన్ అబ్రహం, అర్షద్ వార్సీ ఆడతారు. మైదానం చేజారిపోబోతున్న క్లబ్బు, అందరూ కలిసి నిలబడటం వంటి సంగతులు ‘బెక్‌హామ్’లో లేనివి. జట్టంటే ఏంటో అందులో కనిపిస్తుంది. కానీ ఆడవాళ్లకు దక్కింది మైదానం బయట చోటే. బిపాషా బసు ఫిజియోథెరపిస్టు, ప్రేమికురాలు. అదే ఏడాది వచ్చిన ‘చక్ దే ఇండియా’లో హాకీ ఆడేది అమ్మాయిలే అయినా పరువు పోగొట్టుకుని తిరిగి తెచ్చుకునేది కోచ్ షారుఖ్ ఖాన్. 2019లో మన చెన్నైలో అందరూ చూసిన ‘బిగిల్’, తెలుగులో ‘విజిల్’, కూడా అంతే. గోళ్లు కొట్టేది ఆడపిల్లలు, ఈలలు పడేది విజయ్‌కి.

‘బెండ్ ఇట్ లైక్ బెక్‌హామ్’లో మాత్రం మొదటి షాట్ నుంచి చివరి దాకా కథ ఆ అమ్మాయిదే. కోచ్ లోపాలున్న కుర్రాడు, దేవుడు కాదు. పైగా పెళ్లి చేసుకుంటున్న అక్కను సినిమా తిట్టదు. పింకీ కోరుకున్నది పెళ్లి, జెస్ కోరుకున్నది ఆట, రెండూ ఒకే రోజున జరుగుతాయి. మ్యాచ్ గెలిచిన జెస్‌ను భుజాల మీదికి ఎత్తుకోవడం, పెళ్లి డ్యాన్సులు పక్కపక్కనే చూపిస్తారు. ఒకటి ఎక్కువ, ఇంకొకటి తక్కువ అనదు.

మనకేంటి?

తమిళనాడులో తరతరాలుగా ఉంటున్న తెలుగువాళ్లం భమ్రా కుటుంబంలాంటి వలసవాళ్లం కాము. మన తలపాగాను చూసి ఎవరూ గేటు వేయలేదు. ఆ పోలిక పెడితే వాళ్ల కష్టాన్ని చిన్నది చేసినట్టవుతుంది. అయినా ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష, రెండు చోట్లా రెండు రకాల మంచి పిల్లగా ఉండటం ఏంటో మనకు కొంచెం తెలుసు. అందుకే ఈ సినిమా చూస్తే జెస్ పక్షాన నిలబడటం మనకు చాలా తేలిక.

కష్టమైంది అమ్మ పక్షాన ఒక్క నిమిషం నిలబడటం. ఆమె ‘వద్దు’ను ఒప్పుకోమని కాదు. జెస్ ఆడాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ ఆ ‘వద్దు’ ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకపోతే దాన్ని చుట్టి వెళ్లే వంపు కూడా మనకు దొరకదు. నాన్న కథ బయటపడింది కాబట్టే నాన్న మారాడు. అమ్మను ఎవరూ అడగలేదు కాబట్టి ఆమె సర్దుకుపోయిందే గాని మారిందో లేదో మనకు తెలియదు.

మన అమ్మల్లో చాలామంది బళ్లో ఖోఖో ఆడినవాళ్లు, త్రోబాల్ ఆడినవాళ్లు. ఏదో ఒక క్లాసులో అది ఆగిపోయింది. ఏ క్లాసులో, ఎవరు వద్దన్నారు, ఆ రోజు ఏమనిపించింది అని మనలో ఎంతమందిమి అడిగాం? ఈ సినిమా తప్పకుండా చూడండి. వీలైతే అమ్మతో కలిసి చూడండి. ఆలూగోభీ జోకు దగ్గర ఇద్దరూ నవ్వండి. తర్వాత, జెస్ ఆ మచ్చ గురించి చెప్పే చోట ఆపి, ఆ ప్రశ్న అడిగి చూడండి. గురిందర్ చద్దా తీయకుండా వదిలేసిన సగం సినిమా మీ ఇంట్లోనే ఉండొచ్చు.